సీటీలో ఒకలా.. ఎంఆర్ఐలో మరోలా! రెండు స్కాన్లను ఏఐ ఎలా కలుపుతుందో తెలుసా?

బ్రెయిన్ ట్యూమర్‌కు రేడియేషన్ అనగానే డాక్టర్లు సీటీతో పాటు ఎంఆర్ఐ కూడా రాస్తారు. "ఇప్పుడే ఒకటి తీశారు కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అనే డౌట్ చాలామందికి వస్తుంది. ఖర్చు పెంచడానికి కాదు, దీని వెనక అసలు కారణం వేరే ఉంది.

రెండూ ఎందుకంటే..

సీటీ ఎక్స్‌రేలతో పనిచేస్తుంది. ఎముక స్పష్టంగా కనిపిస్తుంది. రేడియేషన్ డోసు లెక్కకట్టేది కూడా దీని మీదే. కానీ ట్యూమర్ అంచు ఎక్కడ ముగిసిందో ఎంఆర్ఐలోనే బాగా తెలుస్తుంది. అందుకే ఎంఆర్ఐలో గీసిన గీతను సీటీ మీదకు తేవాలి. దీన్నే ఇమేజ్ రిజిస్ట్రేషన్ అంటారు. ఇక్కడ కొన్ని మిల్లీమీటర్లు తప్పినా ట్యూమర్‌లో కొంత భాగం మిగిలిపోవచ్చు, లేదా పక్కనే ఉన్న కంటి నరానికి రేడియేషన్ తగలొచ్చు.

చిక్కు ఎక్కడ?

సీటీలో తెల్లగా కనిపించే ఎముక ఎంఆర్ఐలో నల్లగా ఉంటుంది. అంటే రంగు చూసి కలపడం కుదరదు. పైగా రెండు స్కాన్లలో తల ఒకే కోణంలో ఉండదు. పొట్ట భాగమైతే ఊపిరి పీల్చినా, మూత్రాశయం నిండినా లోపలి అవయవాల ఆకారమే మారిపోతుంది.

1990ల్లో 'మ్యూచువల్ ఇన్ఫర్మేషన్' అనే గణిత పద్ధతి వచ్చింది. రంగులు వేరైనా వాటి మధ్య ఉన్న సంబంధాన్ని ఇది పట్టుకుంటుంది. అయితే అవయవాల ఆకారం మారిన చోట ప్రతి పేషెంట్‌కూ లెక్క మొదటి నుంచి చేయాలి. ఒక్కోసారి గంటలు పట్టేది.

డీప్ లెర్నింగ్ ఏం మార్చింది?

2018లో ఎంఐటీ పరిశోధకులు 'వాక్సెల్‌మార్ఫ్' తెచ్చారు. వేల స్కాన్లతో ముందే ట్రైనింగ్ ఇస్తారు. ఆ తర్వాత కొత్త జత ఇస్తే, ఏ బిందువు ఎటు, ఎంత జరగాలో నెట్‌వర్క్ ఒకేసారి చెప్పేస్తుంది. జీపీయూ మీద సెకను కూడా పట్టదు. అయితే అది ఎంఆర్ఐని ఎంఆర్ఐతో కలపడం. ఆ తర్వాత వచ్చిన 'సింథ్‌మార్ఫ్' మరో అడుగు వేసింది. కంప్యూటరే సృష్టించిన ఆకారాలకు రకరకాల రంగులు వేసి నేర్పించారు. దాంతో అది రంగును వదిలేసి ఆకారాన్ని చూడటం నేర్చుకుంది.

వేగం ఎందుకంత ముఖ్యం? ఆపరేషన్‌లో పుర్రె తెరవగానే మెదడు కాస్త జరుగుతుంది. ముందు తీసిన ఎంఆర్ఐని అప్పటికప్పుడు అల్ట్రాసౌండ్‌తో కలపాలి. అక్కడ గంటలు ఆగే వీలుండదు.

నమ్మేయొచ్చా?

పూర్తిగా కాదు. ఒక స్కాన్‌లో ఉన్న ట్యూమర్ సర్జరీ తర్వాత తీసిన స్కాన్‌లో ఉండదు. అయినా నెట్‌వర్క్ పక్క కణజాలాన్ని సాగదీసి ఎలాగోలా కలిపేయొచ్చు. చూడటానికి నీట్‌గానే ఉంటుంది, కానీ తప్పు! అందుకే పుర్రె అంచులు, మెదడులోని ద్రవపు గదులు సరిపోయాయా లేదా అని డాక్టర్లు, మెడికల్ ఫిజిసిస్టులు కళ్లతో చూశాకే ఓకే చేయాలి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆస్పత్రి మారేటప్పుడు ఫిల్మ్ ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. స్కాన్ సీడీ, అంటే డైకామ్ ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా కలపాలంటే ఆ డేటానే కావాలి.