వేరుచేసిన పేగు కణజాలం - ప్యూరిన్ల విడుదల: ఒక పరిశీలన

కీలక పదాలు: పేగు, ప్యూరిన్లు, ఏటీపీ, అడినోసిన్, నాడీ సంకేతం.

ఉపోద్ఘాతం:
శరీరం నుండి వేరుచేసిన పేగు ముక్కను ఆక్సిజన్, గ్లూకోజు గల లవణద్రావణంలో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే, అది కొన్ని గంటలపాటు సంకోచ వ్యాకోచాలు జరుపుతూనే ఉంటుంది. ఆ ద్రావణంలోకి ఏటీపీ, అడినోసిన్, ఇనోసిన్ వంటి ప్యూరిన్లు చేరతాయి. అవి నాడులు పంపిన సంకేతాలా, లేక కోత వల్ల దెబ్బతిన్న కణాల నుండి కారినవా? ఈ ప్రశ్నకు సమాధానం రాబట్టే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ఉత్పత్తి:
కణం ప్యూరిన్లను రెండు మార్గాల్లో సమకూర్చుకుంటుంది. మొదటిది గ్లైసిన్, గ్లుటమిన్, ఆస్పార్టేట్ వంటి అణువుల నుండి అంచెలంచెలుగా నిర్మించుకోవడం. రెండవది విచ్ఛిన్నమైన ప్యూరిన్లను తిరిగి వాడుకోవడం. ఏటీపీ గాఢత కణం లోపల మిల్లీమోలార్ స్థాయిలో ఉండగా, వెలుపల అత్యల్పం. కాబట్టి కణత్వచం ఏమాత్రం చిరిగినా ఏటీపీ బయటికి పొంగుతుంది. సందేహానికి మూలం ఇదే.

బర్న్‌స్టాక్ పరిశోధన:
1970లో జెఫ్రీ బర్న్‌స్టాక్ బృందం గినీపిగ్, గోదురుకప్పల జీర్ణాశయంలోని నాడులను ఉత్తేజపరచినప్పుడు, రక్తనాళాల గుండా ప్రవహింపజేసిన ద్రావణంలో అడినోసిన్, ఇనోసిన్ లభించాయి. టర్కీకోడి కందనకాయ నుండి వేరుచేసిన ఆవర్‌బాక్ నాడీజాలకం మాత్రం ఏటీపీనే విడుదల చేసింది. గోదురుకప్ప జీర్ణాశయంలోకి ఏటీపీని పంపి చూడగా, అది అడినోసిన్, ఇనోసిన్, అడినీన్‌లుగా విచ్ఛిన్నమైంది. అంటే ద్రావణంలో దొరికినది, కణం విడుదల చేసినది ఒకటే కానక్కరలేదు. కణాల వెలుపలి తలంపై ఉండే సీడీ39 ఎంజైము ఏటీపీని ఏఎంపీగా, సీడీ73 ఏఎంపీని అడినోసిన్‌గా మారుస్తాయని తరువాత స్పష్టమైంది. 1971లో బర్న్‌స్టాక్ ఈ నాడులకు ‘ప్యూరినర్జిక్’ అని పేరు పెట్టాడు.

మూలాన్ని గుర్తించే పద్ధతి:
టెట్రోడోటాక్సిన్ నాడీ ప్రేరణలను ఆపివేస్తుంది. దానితో విడుదల తగ్గితే మూలం నాడులని భావించవచ్చు. కాల్షియం లేని ద్రావణంలో తగ్గితే కోశికల ద్వారా జరిగే విడుదలకు బలం చేకూరుతుంది. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ కూడా ద్రావణంలోకి వస్తే కణాలు దెబ్బతిన్నాయని గ్రహించాలి. అయితే టెట్రోడోటాక్సిన్‌కు లొంగని విడుదలంతా గాయఫలితం కాదు. పేగు సాగినప్పుడు లోపలి పొర కణాలు సైతం ఏటీపీని విడుదల చేస్తాయి.

ముగింపు:
ద్రావణంలోని ప్యూరిన్ పరిమాణం ఉత్పత్తి, విడుదల, విచ్ఛిన్నం, పునర్గ్రహణం అనే నాలుగు ప్రక్రియల ఉమ్మడి ఫలితం. వీటిని విడదీయకుండా కేవలం పరిమాణాన్ని బట్టి చేసే నిర్ధారణ గాయాన్ని సంకేతంగా, సంకేతాన్ని గాయంగా పొరబడే ప్రమాదం ఉంది.