పెద్ద తూటాకు గట్టి నిప్పు

హైదరాబాద్ మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చేసి అమెరికా వెళ్లినవారికి అక్కడ వింతగా తోచే సరదాల్లో తూటాలు సొంతంగా నింపుకోవడం ఒకటి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

పెద్ద రైఫిల్ తూటా అడుగున 5 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పున్న లోహపు చిప్ప ఉంటుంది. అదే ప్రైమర్; తూటాలు నింపుకునేవారు దీన్ని చూసి ఎంచుకోవాలి. తుపాకి సూది దెబ్బకు అది భగ్గుమని లోపలి మందును అంటిస్తుంది. మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాల్లో మందు ఎక్కువ, పైగా నిదానంగా మండే రకం. గడ్డకట్టే చలిలో మామూలు ప్రైమర్ మంట దానికి చాలకపోవచ్చు. 1953లో వచ్చిన .378 వెదర్‌బీ మాగ్నమ్‌లో సుమారు 7 గ్రాముల మందు పడుతుంది. దాన్ని సరిగ్గా అంటించడానికే ఫెడరల్ కంపెనీ 215 అనే గట్టి ప్రైమర్ తెచ్చింది.

అలాగని అన్నిటికీ గట్టి ప్రైమరే పెట్టేయకూడదు. ప్రైమర్ మారితే లోపలి పీడనం మారుతుంది, హద్దు దాటితే ప్రాణాపాయం. మందు తయారీదారు పరీక్షించి ప్రచురించిన పట్టికలో ఏ ప్రైమర్ ఉంటే అదే వాడాలి. తప్పనిసరై మార్చితే, మందు తగ్గించి మళ్లీ మొదటినుంచి కొద్దికొద్దిగా పెంచుతూ రావాలి.