ఖరగ్‌పూర్ క్రిస్మస్: తెరమీద, ఇంటిలో

ఈ డిసెంబరు సంచికకు ‘మీకు ప్రియమైన క్రిస్మస్ చలనచిత్రాలు, మీ ఇంటి పండుగ ఆచారాలు’ అన్న అంశంపై వ్రాయవలసిందిగా సంపాదకులు కోరగా, మేము అయిదుగురం మధ్యాహ్న విరామ వేళ కూర్చుని సంప్రదించుకున్నాము. అయిదుగురమూ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, తరువాత మన సంస్థలో ఉద్యోగాలకు వచ్చినవారమే. మాలో ముగ్గురు క్రైస్తవులు, ఇద్దరు కారు. అయినా డిసెంబరు 25న ఏ ఇంట ఏమి వండేవారో, ఏ మైదానంలో ఏ బొమ్మ వేసేవారో అందరికీ సమానంగా జ్ఞాపకమున్నది. రైల్వే కాలనీలో పండుగకు మతం ఉంటుంది గాని ప్రహరీగోడ ఉండదు.

క్రిస్మస్ చిత్రాలనగానే పత్రికలలో వచ్చే జాబితాలు పాఠక మిత్రులు చూసే ఉంటారు. కురుస్తున్న మంచు, మంచులో జారే బండి, ఎర్రని దుస్తులలో తాతయ్య, ఇంటిమధ్యన మండే నెగడు. మేమెరిగిన క్రిస్మస్‌లో మంచు లేదు. పొగ ఉండేది. సాయంకాలం కాగానే ప్రతి గుమ్మం ముందూ రాజేసిన బొగ్గుల పొయ్యి పొగ చలిగాలిలో పైకి లేవలేక వీధి నిండా పరచుకునేది. ఆ పొగలోంచి వెదురుబద్దలతో, రంగు కాగితాలతో కట్టిన నక్షత్రాలు మసకమసకగా వెలుగుతూ కనిపించేవి.

తెలుగువారు అక్కడికి ఎలా చేరారన్నది తెలియనివారి కోసం రెండు మాటలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీకి 1902లో కటకం నుండి వాల్తేరు వరకు గల తూర్పు తీరపు మార్గం అప్పగింతయింది. ఆ తరువాత ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు వెలసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకు అదే కంపెనీ, అదే మార్గం, అదే పని. కలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్‌గా వెళ్ళినవారు మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో స్థిరపడ్డారు. విశాఖపట్నం అక్కడికి సుమారు 765 కిలోమీటర్లు. రాత్రి బండి ఎక్కితే మరునాటికి సొంతవూరు. అంత దగ్గర కనుకనే ఊరు మరువలేదు; అంత దూరం కనుకనే ప్రతి పండుగకూ వెళ్ళలేకపోయారు. (ఖరగ్‌పూర్ అనగానే అందరూ ప్లాట్‌ఫారం పొడవు అడుగుతారు. 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించిపోయినప్పుడు మా పెద్దలు నిజంగానే నొచ్చుకున్నారు.)

ఇక చిత్రాల మాట. మా అయిదుగురిలో ఎవరిని అడిగినా మొదట వచ్చిన పేరు ఒక్కటే, ‘కరుణామయుడు’. ఎ. భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుక్రీస్తు పాత్ర ధరించిన చిత్రమది. తమిళంలో ‘ప’ అక్షరంతో మొదలయ్యే చిత్రాల వరుసకు పేరుగన్న భీంసింగ్ 1978 జనవరిలో కన్నుమూశారు. చిత్రం అదే సంవత్సరం డిసెంబరులో, క్రిస్మస్ ముంగిట విడుదలయింది. న్యాయంగా చెప్పాలంటే అది క్రిస్మస్ కథ కాదు. జననం కొద్దిసేపే, మనసున నిలిచేది సిలువ మోసిన ఘట్టమే. ఆ లెక్కన గుడ్‌ఫ్రైడే చిత్రం. కాని డిసెంబరులో వేసేవారు, డిసెంబరులో చూసేవారము, కనుక మాకది క్రిస్మస్ చిత్రమే.

చూసిన విధం చెప్పవలసి ఉన్నది. సినిమాహాలులో కాదు. చర్చి ఆవరణలోనో, ఆటస్థలంలోనో రెండు వెదురు గడల నడుమ తెల్లని దుప్పటి బిగించేవారు. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు ఒక బల్లపై ఉండేది. 1,600 అడుగుల రీలు సుమారు 44 నిమిషాలు నడుస్తుంది. యంత్రం ఒక్కటే కనుక రీలు మార్చిన ప్రతిసారీ కథ ఆగేది. ఆ విరామంలో అయ్యగారు రెండు మాటలు చెప్పేవారు, యువకులు ఒక కీర్తన పాడేవారు, టీ కెటిల్ ఒక చుట్టు తిరిగి వచ్చేది. ముందు స్థలం చాలనివారు తెర వెనుక కూర్చునేవారు. వారికి కుడి ఎడమలు తారుమారు. పేర్లు వేసే భాగంలో అక్షరాలు తిరగబడి కనిపించినా ఎవరూ పట్టించుకునేవారు కారు. గోనెసంచి పరచుకుని, ముసుగు కప్పుకుని, సిలువ ఘట్టం వచ్చేసరికి వెక్కివెక్కి ఏడ్చిన ముసలమ్మలు మాకింకా కళ్ళకు కట్టినట్లున్నారు. వారిలో సగంమంది క్రైస్తవులు కారు. ‘లవకుశ’ చూసినా అంతే ఏడ్చేవారు.

ఇక్కడే మేము గమనించిన విశేషం ఒకటున్నది. ఇంట్లో మేము మాట్లాడింది శ్రీకాకుళపు తెలుగు: ‘బేగి రా’, ‘ఒగ్గేయ్’, ‘ఏటి సేస్తన్నావు’. వీధిలో హిందీ, అంగడిలో బెంగాలీ, కార్యాలయంలో ఇంగ్లీషు. మాలో ఇద్దరు హిందీ మాధ్యమంలో, ఒకరు బెంగాలీ మాధ్యమంలో చదివినవారము. నిండైన గ్రంథస్థ భాషలో తెలుగు సంవత్సరానికి ఒక్కసారైనా చెవిన పడింది క్రిస్మస్ దినాలలోనే: ఒకటి బైబిలు పఠనం, రెండు కీర్తన, మూడు ఈ చిత్రం. పౌరాణిక నాటకపు ఫణితిలో సాగే ఆ సంభాషణల వలన ‘క్షమాపణ’, ‘శిష్యుడు’, ‘ధర్మశాస్త్రం’ వంటి మాటలు మాకు పాఠశాల నేర్పకుండానే వచ్చాయి. ఈ చిత్రానికి ‘దయాసాగర్’ అన్న హిందీ రూపం ఉన్నది. పక్క వీధివారి కోసం దానినీ తెప్పించేవారు. అది వేసిన రాత్రి మా పెద్దలు ఇంటికి వెళ్ళి పడుకునేవారు. భక్తి తక్కువై కాదు.

కీర్తనల విషయంలోనూ ఆశ్చర్యకరమైన సంగతి ఉన్నది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఎన్నో రచనలు గావించిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించారు. వారి పూర్వులు వంగదేశం నుండి వచ్చినవారని చెపుతారు. అంటే వంగదేశం నుండి వచ్చిన కుటుంబంలోని కవి తెలుగులో వ్రాసిన పాటలను, తెలుగుదేశం నుండి వెళ్ళిన కుటుంబాలు వంగదేశంలో పాడుకున్నాయి. అంతకు మునుపే, విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ తెనిగించిన సువార్తలు 1812లో అచ్చయింది హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో. తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే వెలువడింది. రైలుపట్టాలు పడక ఎనభై ఏళ్ళ ముందే ఈ మార్గంలో తెలుగు అక్షరం రాకపోకలు సాగించింది.

ఇప్పుడు వంటింటిలోకి. బెంగాలీలు క్రిస్మస్‌ను ‘బొడొదిన్’, అంటే పెద్దరోజు అంటారు. మాకు పెద్దపండుగ అంటే సంక్రాంతి. కనుక పిండివంటలు డిసెంబరు 24న మొదలై జనవరి మధ్యవరకు సాగేవి; ఏ డబ్బా ఏ పండుగదో చెప్పడం కష్టం. అరిసెలకు కొత్త బెల్లం ఊరినుండి రాకపోతే ఖర్జూరపు బెల్లం, అక్కడివారి ‘నొలెన్ గుడ్’, వాడేవారు. ఆ అరిసె నల్లగా ఉంటుంది, త్వరగా విరుగుతుంది, రుచి మాత్రం వేరు. ఊరినుండి వచ్చిన బంధువులు దానిని అరిసె అని ఒప్పుకునేవారు కారు. మేము ఈనాటికీ ఒప్పుకుంటాము.

పొరుగున ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. వారి క్రిస్మస్ పళ్ళెంలో రెండు వంటలు చూసి మా అమ్మలు నివ్వెరపోయారు. వారు ‘కల్‌కల్’ అనేది మన గవ్వలే. పిండి ఉండను దువ్వెన పళ్ళమీదో, ఫోర్కు వెనుకనో నొక్కి చుట్టడం, నూనెలో వేయించడం, పంచదార పాకం పట్టించడం, అంతా ఒకటే. వారి ‘రోజ్ కుకీ’ మన గులాబీ పువ్వులు. ఇనుప అచ్చు కాచి, పిండిలో సగం ముంచి, నూనెలో విదిలించడం. ఎవరు ఎవరివద్ద నేర్చారో నిర్ణయించడం మా తరం కాదు. అచ్చు మాత్రం ఒక్కటే ఉండేది. అది వీధి పొడవునా వంతులవారీగా తిరిగేది. కేకు విషయంలో వారే గురువులు. ఇంట్లో ఓవెన్ లేదు కనుక గుడ్లు, వెన్న, మైదా, నానబెట్టిన ఎండుద్రాక్ష మోసుకుని బేకరీకి వెళ్ళి, అక్కడ కలిపించి, ఇటుకల భట్టీలో కాల్పించి, పేరు వ్రాసిన కాగితం అంటించిన రేకు డబ్బాలలో తెచ్చుకునేవారు. మా ఇళ్ళవారు చూసి నేర్చుకున్నారు. ఎండుద్రాక్ష బదులు గుమ్మడి ముక్కల తీపి మురబ్బా వేసి ఖర్చు తగ్గించారు.

క్రమంగా ఆ పొరుగువారు ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు, కెనడాకు వెళ్ళిపోయారు. అందువలన మాలో ఇద్దరికి అన్నింటికన్నా నచ్చిన క్రిస్మస్ చిత్రం అపర్ణాసేన్ 1981లో తీసిన ‘36 చౌరంగీ లేన్’. కలకత్తాలో షేక్‌స్పియర్ పాఠాలు చెప్పే వృద్ధ ఆంగ్లో ఇండియన్ ఉపాధ్యాయిని వయొలెట్ స్టోన్‌హామ్‌గా జెన్నిఫర్ కెండాల్ నటించారు. ఆమె ఇంటిని తమ ఏకాంతానికి వాడుకున్న పూర్వ విద్యార్థిని, ఆమె ప్రియుడు పెళ్ళయ్యాక ఆమెను దూరం పెడతారు. క్రిస్మస్ రాత్రి ఊరిలో ఉండమని అబద్ధం చెబుతారు. అది ఎరుగక ఆమె స్వయంగా కేకు చేసుకుని వారి ఇంటికి వెళ్ళి, కిటికీలోంచి లోపల జరుగుతున్న విందు చూసి, తలుపు తట్టకుండా వెనుదిరుగుతుంది. పండుగనాడు ఏ ఇంటిలోనూ ఈ చిత్రం పెట్టరు. పెట్టకపోవడమే మంచిదేమో. కాని బెంగాల్‌లో డిసెంబరు 25 ఎలా ఉంటుందో, ఆ చలి, ఆ పసుపుపచ్చ దీపాల వెలుతురు ఎలా ఉంటాయో తెలియాలంటే ఇంతకు మించినది లేదన్నది మా అభిప్రాయం.

వీడియో యుగం వచ్చాక పద్ధతి మారింది. ఒక రాత్రికి ప్లేయరు, రంగుల టీవీ, మూడు క్యాసెట్లు కలిపి అద్దెకు తెచ్చేవారు. వీధిలో అయిదారు కుటుంబాలు చందా వేసుకునేవి. మొదటిది పెద్దల కోసం ‘కరుణామయుడు’, లేక బాపు తీసిన ‘రాజాధిరాజు’ (1980). రెండవదానిలోనూ క్రీస్తు విజయచందరే. అయితే సాతానుగా వేసిన నూతన్‌ప్రసాద్ పిల్లలను అంతకన్నా ఆకట్టుకునేవాడు, ఇది అయ్యగారికి బొత్తిగా నచ్చేది కాదు. సినిమాగా చూస్తే ‘రాజాధిరాజు’ మరింత చురుకైనదని మాలో ముగ్గురి వాదన. తెల్లవారుజామున, పెద్దలు నిద్రపోయాక, హిందీ పోరాటాల చిత్రం. కేబుల్ వచ్చిన తరువాత ‘హోమ్ అలోన్’ (1990) కూడా చేరింది. ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయిన బాలుని కథ, ఒక్క గదిలో ఎనిమిదిమంది పడుకునే క్వార్టరులో కూర్చుని చూశాము.

విదేశీ చిత్రాలలో మన సంస్థ సహోద్యోగులకు మేము సిఫారసు చేసేది ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’. విడుదలనాడు అది పెద్దగా ఆడలేదు. 1974లో హక్కులు పునరుద్ధరించకపోవడంతో అమెరికా టెలివిజన్ కేంద్రాలు ప్రతి క్రిస్మస్‌కూ ఉచితంగా వేసి వేసి దానిని పండుగ ఆచారంగా మార్చాయి. కథానాయకుడు నడిపేది గృహనిర్మాణ రుణ సంఘం. పినతండ్రి 8,000 డాలర్లు పోగొట్టడంతో అతడు వంతెన మీదికి నడుస్తాడు. పరపతి సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవారెవరైనా ఆ ఘట్టం చూసి ఊరక ఉండలేరు.

రైల్వే ఇంటిలో ఏ ఆచారమైనా డ్యూటీ పట్టికకు లోబడినదే. వర్క్‌షాపుకు సెలవు ఉన్నా బండ్లకు లేదు. తండ్రి గూడ్సు బండిలో వెళ్ళినవాడు ఎప్పుడు వస్తాడో తెలియదు. కనుక మాలో ఒకరి ఇంట పండుగ భోజనం 25న కాక, ‘నాన్న సైన్ ఆఫ్ అయిన పూట’ పెట్టుకునేవారు. గారెల పిండి సిద్ధంగా ఉంచి, ఆయన సైకిలు గంట విని బాణలి పొయ్యిమీద పెట్టేవారు. ఒక ఏడు ఆ భోజనం 27 తెల్లవారుజామున 3 గంటలకు జరిగింది. పిల్లలను లేపి కూర్చోబెట్టారు. డిసెంబరు 31 అర్ధరాత్రి మాత్రం అందరూ కలిసేవారు. చర్చిలో ఆరాధన ముగిసే వేళకు యార్డులో ఉన్న ఇంజనులన్నీ ఒక్కసారిగా కూత వేసేవి. కొన్ని నిమిషాలు ఎవరి మాట ఎవరికీ వినిపించేది కాదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి సంతోషకరమైన వార్తే. అయితే మా ఇళ్ళలో మూడవ తరం తెలుగు మాట్లాడుతుంది, చదవదు. క్యారల్స్‌కు వెళ్ళే యువకుల చేతి ఫోన్లలో తెలుగు కీర్తన ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ ఆ అక్షరాలలో భేదం లేదు; పాటలోనూ పోతున్నది.

మాలో ఒకరి ఇంట తాతగారి కీర్తనల నోటుపుస్తకం ఉన్నది. రైల్వే సరఫరా చేసిన పాత గీతల పుస్తకం. తాతగారు తెలుగులో వ్రాసిన ప్రతి కీర్తన కింద తండ్రి హిందీ అక్షరాలలో, ఆ కింద మనుమరాలు ఇంగ్లీషు అక్షరాలలో మళ్ళీ వ్రాశారు. చివరి నాలుగు పుటలు మాత్రం తెలుగులోనే ఉన్నాయి. అవి కీర్తనలు కావు గనుక వాటిని ఎవరూ తిరగవ్రాయలేదు. ప్రతి సంవత్సరం పండుగకు ఏ బొమ్మ వేశారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఆ రాత్రి ఎవరెవరు డ్యూటీలో ఉండి చూడలేకపోయారు అన్న పట్టిక అది. ఇప్పుడు ఆ ఇంటిలో దానిని చదవగలిగినది ఒక్క నాయనమ్మగారే. ఆమెకు 81 ఏళ్ళు, కళ్ళజోడు మారింది. ఈ సెలవులలో మాలో ముగ్గురం ఖరగ్‌పూర్ వెళుతున్నాము. ఆమె చదువుతూ ఉండగా మనుమరాలు తెలుగులోనే ఒక ప్రతి దించాలన్నది ఏర్పాటు. ఆ అమ్మాయి ఒత్తుల వరకు వచ్చిందని నిన్న ఫోనులో తెలిసింది.