జ్వరపీడితులగు బిడ్డలును ఇన్‌ఫ్లూయెంజా శీఘ్రపరీక్షయు

జ్వరమనునది రోగము కాదు, రోగమునకు గుఱుతు. ఒడలు కాలుచు, దగ్గుచునున్న బిడ్డను రాత్రివేళ నెత్తుకొని వైద్యశాలయందలి అత్యవసర విభాగమునకు వచ్చిన తల్లి, "నా బిడ్డకేమి?" యని యడుగును. వైద్యుడు వెంటనే యుత్తరమియ్యజాలడు. ఏలయన ఇన్‌ఫ్లూయెంజాయు, న్యుమోనియాయు, రక్తమునందు బాక్టీరియాలు చేరుటయు మొదట నొకేరీతి గానవచ్చును. అందుచే సంశయనివృత్తికై పసివాని రక్తము దీయుదురు. ఱొమ్మునకు ఎక్స్‌రే తీయుదురు. ఒక్కొక్కప్పుడు యాంటీబయాటిక్ మందు నిత్తురు. ఆ మందు బాక్టీరియాలను జంపునేగాని, ఇన్‌ఫ్లూయెంజాకు గారణమగు వైరస్‌పై బనిచేయదు.

ఈ చిక్కును దగ్గించుటకే శీఘ్రపరీక్ష యేర్పడినది. దూదిచుట్టిన పుల్లను బిడ్డ ముక్కులో మెల్లగా ద్రిప్పి, దానికంటిన చీమిడిని కొన్ని చుక్కల ద్రవములో గలుపుదురు. ఆ ద్రవము, దీపపు వత్తిలో నూనె యెగబ్రాకినట్లు, కాగితపు పట్టీ వెంట బ్రాకును. పట్టీయందు రంగురేణువులతో గూడిన ప్రతిరక్షకములు గలవు. వైరస్ మాంసకృత్తు తగిలినచో నవి దానిని బట్టుకొని రంగుగీతగా నేర్పడును. సుమారు 15 నిమిషములలో ఫలితము తెలియును.

దీనివలన లాభమేమి? అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బర్మింగ్‌హామ్ నగరపు పిల్లల వైద్యశాలలో జరిగిన యొక పరిశోధన 2003లో ప్రకటింపబడెను. పరీక్షింపబడిన 391 మందిలో 202 మందికి ఇన్‌ఫ్లూయెంజా కలదని తేలెను. వీరిలో 96 మంది విషయమున ఫలితము వైద్యునకు వెంటనే తెలుపబడెను. 106 మంది విషయమున దెలుపబడలేదు. ఎవరు ఏ వర్గమున జేరవలెనో యాదృచ్ఛికముగా నిర్ణయింపబడెను. ఫలితము తెలిసిన వర్గమున 7గురికి మాత్రమే యాంటీబయాటిక్ ఇయ్యబడగా, తెలియని వర్గమున 26గురికి ఇయ్యబడెను. రక్తపరీక్షలును, ఎక్స్‌రేలును తగ్గెను. బిడ్డలు త్వరగా నిండ్లకు మరలిరి.

ఇట్టి పరిశోధనలు పెక్కింటిని జేర్చి చూచినవారికి ఎక్స్‌రేలు తగ్గుట కనబడినను, యాంటీబయాటిక్‌ల వాడుక తగ్గుట యంత స్పష్టముగా గానరాలేదు. కావున పరీక్ష యొక్కటియే చాలదు. ఫలితమును బట్టి నడచుకొను వైద్యుడును గావలెను.

ఇంకొకటి ముఖ్యముగా దెలిసికొనవలెను. ఈ పట్టీ పరీక్ష, వ్యాధిగల నూర్గురు బిడ్డలలో 50 నుండి 70 మందిని మాత్రమే గుర్తించును. గీత కనబడినచో సాధారణముగా నమ్మవచ్చును. కనబడనిచో వ్యాధి లేదని నిశ్చయింపరాదు. వైరస్ జన్యుపదార్థమును వెదకు నూతన పరీక్షలు 15 నుండి 30 నిమిషములలో ఫలితము నిచ్చుచు, నూటికి 90 నుండి 95 మందిని గుర్తించును. ఓసెల్టామివిర్ అను మందు, రోగము మొదలైన 48 గంటలలోపల నిచ్చిన మిక్కిలి మేలు చేయును. ప్రమాదావస్థ యందున్న శిశువునకు, వైద్యుడు పరీక్షాఫలితమునకై వేచియుండక దానిని ఆరంభింపవచ్చును.

తలిదండ్రులారా, వైద్యశాలకు బోవునపుడు జ్వరమెప్పుడు మొదలయ్యెనో, బిడ్డ యెంత నీరు త్రాగెనో, యే మందు లిచ్చితిరో చెప్పుడు. రేస్ సిండ్రోమ్ అను ఘోరవ్యాధి కలుగవచ్చును గాన బిడ్డకు ఆస్పిరిన్ ఇయ్యకుడు. ఊపిరి వేగముగా నాడినను, పెదవులు నీలమైనను, బిడ్డ మేలుకొనకున్నను, పట్టీపై గీత లేదని యూరకుండక మరల వైద్యునికడ కేగుడు.