ఇంజను ఆయిలులో అదనపు మందు పోయవలెనా?

మోటారు సైకిలుకు ఆయిలు మార్పించునపుడు, "ఈ చిన్న సీసా కూడ పోయించండి, ఇంజను అరగదు, పెట్రోలు కలిసివచ్చును" అని దుకాణదారు చెప్పుట మీరు వినియే యుందురు. డబ్బిచ్చుటకు ముందు ఈ సంగతులు గమనింపవలెను.

మంచి ఆయిలు డబ్బాలో వట్టి నూనె మాత్రమే ఉండదు. మసిని పేరుకొననీయని పదార్థములు, అరుగుదలను తగ్గించు జింకు సమ్మేళనములు, తుప్పును, నురుగును అరికట్టునవి తగు పాళ్లలో ముందే కలిపియుండును. తగినంత ఎరువు వేసిన మడిలో మరల యూరియా చల్లినచో పైరు పడిపోవును గదా! ఇదియు అట్టిదే.

మోటారు సైకిళ్లలో ఇంకొక చిక్కు కలదు. చాలవాటి క్లచ్ పలకలు ఇంజను ఆయిలులోనే తిరుగును. వాటికి రాపిడి అవసరము. జారుడు పెంచు మందు పోసినచో, బస్తాతో మిట్ట ఎక్కునపుడు ఇంజను మోగును గాని బండి లాగకపోవచ్చును. అందుచేత అట్టి బండ్లకు డబ్బాపై 'జాసో ఎం.ఎ.' లేక 'ఎం.ఎ.2' గుర్తు చూచి కొనవలెను.

స్లిక్ 50 అను మందు ఇంజను అరుగుదలను తగ్గించునను ప్రకటనలకు తగిన ఆధారము లేదని 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించెను. నిరూపణ లేనిదే అట్లు ప్రకటింపరాదని 1997లో ఒప్పందము కుదిరెను.

కారైనను, ట్రాక్టరైనను అరిగిన పిస్టను రింగులను ఏ సీసాయు బాగుచేయజాలదు. ఆ సొమ్ముతో బండి పుస్తకములో చెప్పిన రకము ఆయిలును వేళకు మార్పించి, మట్టము తరచు చూచుకొని, గాలి ఫిల్టరును శుభ్రముగా ఉంచుకొనవలెను. ఇంజనుకు అదియే అసలైన మందు.