కట్టు కింద కొత్త చర్మం

గత శీతాకాలంలో మా మసీదు వుజూఖానా దగ్గర ఒక పెద్దాయనను రెండు వారాలపాటు గమనించాను. ఆయనకు చాలాకాలంగా మధుమేహం. ఎడమ మడమ మీద మానని పుండు. ప్రతి నమాజుకు ముందు కట్టు విప్పి, పుండు మీదుగా నీళ్ళు పోసుకొని, అదే కట్టును తిరిగి చుట్టుకొనేవారు. రోజుకు ఐదుసార్లు. నేను దానిని ధర్మనిష్ఠగా భావించి మనసులో మెచ్చుకున్నానే గాని నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. చివరకు ఆయనే ఒకరోజు, "మౌల్వీ సాబ్, డాక్టరుగారు కొత్త రకం కట్టు వేసి మూడు రోజులు ముట్టుకోవద్దన్నారు. మరి నా వుజూ సంగతేమిటి?" అని అడిగారు. ఏళ్ళ తరబడి ఫిఖ్హ్ పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆయన అడిగేదాకా ఆగినందుకు సిగ్గుపడ్డాను.

ఆయనకు సరైన జవాబు చెప్పాలంటే ఆ కట్టులో ఏముందో నేను తెలుసుకోవలసి వచ్చింది.

గాయానికి గాలి తగలాలి, అది ఎండాలి, పక్కు కట్టాలి అన్నది మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న నమ్మకం. దీనిని మొదటగా గట్టిగా ప్రశ్నించినవాడు జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు. ఆయన 1962లో పందుల చర్మంపై చేసిన పరిశోధనను 'నేచర్' పత్రికలో ప్రచురించాడు. పలుచని పొరతో కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలేసిన గాయాలకంటే దాదాపు రెట్టింపు వేగంతో పరచుకుంది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొత్త చర్మకణాలు గాయం అంచుల నుండి లోపలికి పాకుతూ వస్తాయి. తడి ఉంటే నేరుగా పాకుతాయి. పైన గట్టి పక్కు ఉంటే దాని కిందుగా దారి తొలుచుకొంటూ పోవాలి. సాధారణ గాజ్ గుడ్డ ఎండి పుండుకు అతుక్కుపోయినప్పుడు దానిని పీకితే, అప్పుడప్పుడే పుట్టిన ఆ లేత పొర కూడా దానితోపాటే ఊడి వస్తుంది.

అయితే తేమ కావాలి గాని నానిపోకూడదు. పుండు నుండి ఊరే రసి చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని తెల్లగా నానబెట్టి పాడుచేస్తుంది. ఈ చిక్కును తీర్చేందుకే పోగులతో తయారైన కొత్త కట్టులు వచ్చాయి. వాటిలో ఒకటి ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచు నుండి తీసిన పదార్థాన్ని కాల్షియంతో కలిపి దూదిలాంటి పోగులుగా చేస్తారు. పుండు రసిలోని సోడియం ఆ పోగుల్లోకి చేరి, కాల్షియం బయటకు వస్తుంది. అప్పుడు పొడి దూది కాస్తా తాటి ముంజెలా మెత్తని జెల్‌గా మారుతుంది. వెలువడిన కాల్షియం రక్తం గడ్డకట్టడానికి కూడా తోడ్పడుతుంది. తన బరువుకు అనేక రెట్ల రసిని పీల్చుకోగలదు. కాని పొడిగా ఉన్న పుండు మీద దీనిని వేయరాదు, అతుక్కుపోతుంది.

మరొక రకం, దూదిలో ఉండే సెల్యులోజ్‌నే రసాయనికంగా మార్చి చేసిన పోగులు. ఇవి రసిని నిలువుగా పైకి పీల్చి తమలోనే బంధిస్తాయి, పక్కలకు పాకనివ్వవు. అందుకే చుట్టూ ఉన్న చర్మం క్షేమంగా ఉంటుంది. ఇంకా సూక్ష్మమైనవి నానోపోగులు. ద్రవానికి అధిక వోల్టేజీ విద్యుత్తు ఇచ్చి, వెంట్రుకకంటే వందల రెట్లు సన్నని పోగులను లాగి వలలా పరుస్తారు. మన చర్మంలోని సహజమైన కొల్లాజెన్ అల్లిక కూడా ఇంచుమించు అలాంటిదే కాబట్టి, పందిరి మీద కాకర తీగ పాకినట్లు కణాలు దాని మీద పాకుతాయి. వీటిలో ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

ఈ వివరాలు చదువుతున్నప్పుడు నా మనసు ఉహుద్ మైదానానికి వెళ్ళింది. హిజ్రీ 3వ సంవత్సరంలో ఆ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమై రక్తం కారుతుంటే, హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు తెచ్చి పోయగా హజ్రత్ ఫాతిమా (రజి) కడిగారు. నీళ్ళు పోసేకొద్దీ రక్తం ఎక్కువ కావడం చూసి ఆమె ఒక చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు, రక్తం ఆగింది. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. ఆ చాప బర్దీ మొక్కతో అల్లినదని ఇమామ్ ఇబ్ను ఖయ్యిమ్ వివరించారు. అది మన తుంగ జాతిదే. ఇది చదివి ఎవరూ ఇంట్లో పుండ్లకు బూడిద పూయవద్దు. నేను చెప్పదలచింది వేరు: నీళ్ళు గాయానికి హాని చేస్తున్నాయని ఆమె కనిపెట్టారు, వెంటనే పద్ధతి మార్చారు.

కొందరికి మరో సందేహం వస్తుంది, ఆ కట్టులు దేనితో చేస్తారని. నాచు, సెల్యులోజ్ విషయంలో ఏ ఇబ్బందీ లేదు. రొయ్యల పెంకు నుండి తీసే కైటోసాన్ కూడా కట్టుల్లో వాడతారు. హనఫీ పండితుల్లో రొయ్య తినడం గురించి భేదాభిప్రాయం ఉన్న మాట నిజమే గాని, అది తినే విషయం, పైపూత విషయం కాదు. కొల్లాజెన్ దగ్గర మాత్రం అడగాలి: అది ఆవుదా, చేపదా, పందిదా? ప్రత్యామ్నాయం ఉంటే దానినే కోరాలి. వేరే దారి లేదని నమ్మకమైన వైద్యుడు చెబితే అది జరూరత్ కిందికి వస్తుందా అన్నది ఆలిముతో మాట్లాడాలి. సూక్ష్మజీవులను చంపేందుకు వెండి కలిపిన కట్టులను పురుషులు వాడవచ్చా అని ఒక విద్యార్థి అడిగాడు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకొని, అది దుర్వాసన కొట్టగా బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసును అతనికి గుర్తుచేశాను.

ఇక వుజూ. నీళ్ళు పుండుకు హాని చేస్తాయన్నప్పుడు కట్టు విప్పనక్కరలేదు. నీళ్ళు కట్టులోకి పోకుండా కడగగలిగిన మేర మిగతా భాగాన్ని కడిగి, తడి చేతితో కట్టు మీద మసహ్ చేయాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒక్కసారి చాలు, కట్టులో అధిక భాగం తడిస్తే చాలు. తోలు మేజోళ్ళ మసహ్‌కు ఉన్నట్లు గడువు లేదు. కట్టు వేసే సమయానికి వుజూతో ఉండాలన్న షరతూ లేదు. పుండు మానకముందే కట్టు మార్చినా మసహ్ చెడదు, తిరిగి చేసుకోవడం మేలు. పుండు మాని కట్టు ఊడితే మాత్రం మసహ్ రద్దవుతుంది. కట్టులోంచి రక్తం, రసి బయటకు వస్తుంటే వుజూ ఆదేశం వేరు, అడిగి తెలుసుకోవాలి. షాఫయీ మస్లక్‌లో మరికొన్ని షరతులున్నాయి, ఆ మస్లక్‌వారు తమ ఆలిములను సంప్రదించాలి. ఇవన్నీ మేము మదర్సాలో ఒక్క రోజులో చదివించి ముందుకు పోయే పాఠాలు.

కాని వీటికి ఎంత విలువ ఉందో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన సంఘటన చెబుతుంది. ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలింది. తరువాత ఆయనకు గుస్ల్ తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌కు వీలుందా అని తోటివారిని అడిగితే, లేదన్నారు. ఆయన స్నానం చేశాడు, చనిపోయాడు. తెలియకుండా తీర్పు చెప్పినవారిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. అబూ దావూద్‌లోని ఈ హదీసును నేను ఎన్నోసార్లు బోధించాను. వుజూఖానా గట్టు మీద కూర్చున్న ఆ పెద్దాయనను చూసినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

ఎంత మంచి కట్టయినా అది ఒక్కటే మధుమేహ పుండును మాన్పదు. చక్కెర అదుపులో ఉండాలి, పాదానికి రక్తప్రసారం ఉందో లేదో పరీక్షించాలి, పుండు మీద బరువు పడకుండా చూడాలి, చచ్చిన కండను వైద్యుడు తీసేయాలి. నలుపు, దుర్వాసన, జ్వరం, పైకి పాకే ఎరుపు కనిపిస్తే జుమా దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ కట్టులు గాజ్ గుడ్డకంటే ఖరీదైనవే. తరచూ మార్చే పని లేకపోవడం వల్ల కొంత కలిసి వస్తుంది. అదీ భరించలేని అర్హులకు జకాత్ సొమ్ముతో కొనివ్వడానికి మసీదు కమిటీలు ఆలోచించవచ్చు.

ఆ పెద్దాయన పుండు ఇంకా పూర్తిగా మానలేదు. మొన్న కట్టు మార్చినప్పుడు అంచుల నుండి గులాబీరంగు చర్మం లోపలికి వస్తోందని నర్సమ్మ చూపించిందట. అసర్‌కు వచ్చినప్పుడు ఆ మాట చెప్పి, కుడి పాదం కడుక్కొని, ఎడమ కాలి వేళ్ళు జాగ్రత్తగా తడుపుకొని, కట్టు మీద తడి చేయి ఒక్కసారి నిమిరి, వెళ్ళి సఫ్‌లో నిలబడ్డారు.