జీవకణమునందలి నీరటి

వర్షకాలమున చెరువుకట్టకు చిన్న గండి పడినయెడల దానిని మొదట కనిపెట్టువాడు నీరటి. అతడు గండియొద్ద నిలిచి కేకవేయును. గ్రామస్థులు పారలు, తట్టలు గొని వచ్చి పూడ్చెదరు. వారి పని సాగుటకై అతడు ప్రక్కకు తొలగును. అతని కేక యెంత ముఖ్యమైనదో తెలియవలెనన్న, ఒకనాడు అతని నోరు కట్టివేసి చూడవలెను. జీవశాస్త్రజ్ఞులు చేయు ఒక పరీక్ష యట్టిదే.

మన దేహమునందలి జీవకణములలో డి.ఎన్.ఏ. అను జంటపోగుల పొడవైన దారము కలదు. శరీరనిర్మాణమునకు వలయు సూచనలు దానియందే యున్నవి. ప్రతి కణములోను ఆ దారమునకు దినమునకు వేలకొలది దెబ్బలు తగులుచుండును. ఎండయు, పొగాకు పొగయు మాత్రమే గాక, కణములోని నీరు సైతము దానిని చెడగొట్టును. అయినను మనము బ్రదికియుండుటకు కారణము, ఆ దెబ్బలను బాగుచేయు ఎంజైములు మనలో నుండుటయే. ఈ మరమ్మతు మార్గములను వివరించినందుకు తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్ గార్లకు 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను.

వీనిలో పార్ప్ అను ఎంజైము నీరటివంటిది. ఒక పోగు తెగినచోట అది వ్రాలి, ఎన్.ఏ.డి. అను పదార్థమును గ్రహించి, దానితో గొలుసులను అల్లును. ఆ గొలుసులే దాని కేక. వానిని గుర్తించి మరమ్మతు చేయు తక్కిన ఎంజైములు వచ్చును. అంతట పార్ప్ తొలగిపోవును.

దీని నోరు కట్టుట యెట్లు? ఎన్.ఏ.డి.లోని యొక భాగమగు నికొటినమైడును పోలిన చిన్న అణువును కణములోనికి పంపవలెను. మారు తాళపుచెవి తాళములో దూరి ఇరుకుకొన్నట్లు, అది ఎంజైముయొక్క పనిచోటున చేరి, నిజమైన పదార్థమునకు తావీయదు. ఇట్టివానికి నిరోధకములని పేరు. 1980లో ఇంగ్లాండునందలి సస్సెక్స్ విశ్వవిద్యాలయమున సిడ్నీ షాల్ గారును వారి సహచరులును 3-అమైనోబెంజమైడు అను నిరోధకమును ఎలుకల రక్తక్యాన్సరు కణములపై ప్రయోగించిరి. డి.ఎన్.ఏ.ను గాయపరచు రసాయనముతో దీనిని చేర్చినప్పుడు తెగిన పోగులు సరిగా అతుకుకొనలేదు. కణములు అధికముగా మరణించెను. పార్ప్ మరమ్మతునకు తోడ్పడునని దీనివలన తెలిసినది.

అయితే విద్యార్థులారా, ఇచ్చట తొందరపడరాదు. మనము కట్టినది నీరటి నోరు మాత్రమేనా? 1984లో మిలాము, క్లీవరు అను శాస్త్రజ్ఞులు అట్టి నిరోధకములు గ్లూకోజు వినియోగమును, డి.ఎన్.ఏ. నిర్మాణమును సైతము మార్చగలవని చూపిరి. కావున జాగ్రత్తగల పరిశోధకుడు వీలైనంత తక్కువ మోతాదును వాడును. నిరోధకమును పోలియుండియు ఎంజైమును ఆపలేని వేరొక పదార్థముతో సరిచూచును. ఆ ఎంజైము బొత్తిగా లేని కణములను ప్రక్కన నుంచి పరీక్షించును.

ఈ కడపటి పోలికవలన ఒక వింత బయల్పడినది. పార్ప్ లేని కణములకంటె, పార్ప్ ఉండి నిరోధకముచే ఆపబడిన కణములే యెక్కువ హాని పొందునని 2012లో అమెరికాలో ఈవ్ పొమ్మియే గారి బృందము చూపెను. కేకవేయలేని నీరటి గండిలోనే ఇరుకుకొని ఇతరుల దారికి అడ్డమగును. లేకుండుటయు, ఆపబడుటయు ఒకటి కావు.

ఈ జ్ఞానము రోగులకును ఉపకరించినది. కణము విభజన చెందుటకై డి.ఎన్.ఏ.కు నకలు వ్రాసికొనునప్పుడు, పూడని చిన్న తెగుడు రెండు పోగులును తెగిన పెద్ద గండిగా మారవచ్చును. దానిని సరిగా పూడ్చుటకు బి.ఆర్.సి.ఏ. 1, 2 అను జన్యువులు కావలెను. కొందరు వీనిలో ఒకదానియందు దోషముతో జన్మింతురు. వారి క్యాన్సరు, అనగా రాచపుండు, కణములలో తరచుగా ఆ సాయము పూర్తిగా నశించియుండును. ఆరోగ్యముగల కణములలో నిలిచియుండును. కావున పార్ప్ నిరోధకము మొదటివానిని చంపి, రెండవవానిని చాలవరకు విడుచునని 2005లో ఇంగ్లాండునందలి రెండు బృందములు ప్రకటించెను. 2014లో ఒలాపరిబు అను నిరోధకము అట్టి అండాశయపు క్యాన్సరునకు ఔషధముగా అమెరికాలోను ఐరోపాలోను అనుమతింపబడెను. అయినను ఇది దోషరహితము కాదు. కొందరికి రక్తహీనత కలుగును. కొన్ని క్యాన్సరు కణములు పోయిన సాయమును తిరిగి సంపాదించుకొని మందునకు లొంగకపోవును.

ఒకదానిని ఆపి చూచినపుడు, దానితో మరేమి ఆగినదో కూడ విచారింపవలెను. ఈ శ్రద్ధ లోపించినయెడల తప్పు తలంపు పుస్తకములకెక్కి, తుదకు రోగి పడకను చేరును. మన పాఠశాల ప్రయోగశాలలో మీరు చేయు చిన్న పరీక్షలయందును ఈ నియమమును మరువకుడు.